వంటింటి కిటికీలోంచి శీతకాలం

సభకు నమస్కారం.

ఊరికి దూరంగా, చెట్ల మధ్య ఉన్న ఇంట్లో శీతకాలం గడిపే కుటుంబానికి చుట్టుపక్కల తిరిగే వన్యప్రాణులతో ఎటువంటి పరిచయం ఏర్పడుతుందో చెప్పమని నిర్వాహకులు నన్ను కోరారు. నేను జంతుశాస్త్రం చదివినవాణ్ణి కాను. మంచు విస్తారంగా కురిసే ఉత్తర అమెరికా పల్లెపట్టున తొమ్మిది శీతకాలాలుగా అమ్మతో, భార్యతో, ఇద్దరు పిల్లలతో కాపురం చేస్తున్న గృహస్థుణ్ణి. చదివి తెలుసుకున్నది కొంత, కిటికీ దగ్గర నిలబడి తెలుసుకున్నది కొంత, రెండూ కలిపి మీ ముందు పెడతాను.

వన్యప్రాణులను చూడాలంటే మెడలో బైనాక్యులర్స్ వేసుకుని, తెల్లవారకముందే లేచి, అడవిలోకి నడిచి వెళ్ళాలని మొదట్లో మేమూ అనుకునేవాళ్ళం. మొదటి శీతకాలంలో అలాగే వెళ్ళాం. గడ్డకట్టిన మంచు మీద మా బూట్ల చప్పుడు మాకంటే చాలా ముందే అడవిలోకి వెళ్ళిపోయేది. గంటసేపు తిరిగి, వేళ్ళు కొంకర్లు పోయి, ఏమీ కనబడక ఇల్లు చేరేసరికి, అంట్లు తోముతున్న అమ్మ, "ఇందాక నక్క ఒకటి పెరట్లోంచి పోయిందిరా, ఎంత నిదానంగానో, ఇల్లు తనదే అన్నట్టు" అనేది. ఇలా రెండు మూడు సార్లు జరిగాక మాకు సంగతి అర్థమైంది. రోజూ ఒకే వేళకు దీపం వెలిగే వంటిల్లు, ఒకే వేళకు తలుపు తెరుచుకుని కట్టెల కోసం మనిషి బయటికి వచ్చే వసారా, ఒకే వేళకు బడి బస్సు దాకా నడిచి వెళ్ళే ఇద్దరు పిల్లలు, ఇవన్నీ అక్కడి జంతువులకు గాలిలాగా, చెట్లలాగా అలవాటైపోతాయి. మన ఇంటి పనులు ఎంత క్రమం తప్పకుండా జరిగితే అవి మనకు అంత దగ్గరగా వస్తాయి. ఈ మాటే ఈరోజు నేను చెప్పదలచుకున్నది. మిగిలినదంతా దానికి ఉదాహరణ.

పైగా ఆకులు రాలిపోయి ఉంటాయి కాబట్టి, వేసవిలో పచ్చటి గోడలా కనిపించిన అడవి శీతకాలంలో చాలా లోపలి దాకా కనిపిస్తుంది. పగలు చిన్నది, తిండి తక్కువ. ఆ కొద్ది వెలుతురులోనే పక్షులు కడుపు నింపుకోవాలి. అందుచేత తెల్లవారగానే ఒక విడత, పొద్దు వాలే ముందు ఒక విడత హడావుడిగా మేతకు వస్తాయి. సరిగ్గా ఆ రెండు వేళల్లోనే మన వంటింట్లో కూడా సందడి ఉంటుంది.

మా ఇంట్లో అందరికీ మొదట పరిచయమైన పక్షి చికడీ. ఉత్తర అమెరికాలో ఇది చాలా మామూలు పిట్ట. నెత్తి మీద నల్లని టోపీ, గొంతు కింద నల్లని మచ్చ, మధ్యలో తెల్లని చెంపలు. బరువు ఇంచుమించు పదకొండు పన్నెండు గ్రాములు. ఇంత చిన్న ప్రాణి సున్నాకు దిగువన 25 డిగ్రీల చలిలో రాత్రి ఎలా గడుపుతుందన్నది మా అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న. పగటిపూట దాని ఒంటి వేడి సుమారు 42 డిగ్రీలు. రాత్రి ఏదైనా చెట్టు తొర్రలో దూరి, ఈకలు ఉబ్బించి వాటి మధ్య గాలిని బంధించి, ఒంటి వేడిని పది పన్నెండు డిగ్రీల మేర తగ్గించుకుంటుంది. వేడి తగ్గితే ఖర్చయ్యే కొవ్వు తగ్గుతుంది. పగలంతా తిని కూడబెట్టిన కొవ్వు, రాత్రంతా వణుకుతూ కరిగించుకునే కొవ్వు, రెండూ దాదాపు సరిసమానం. అంటే ఈ పిట్ట ప్రతి సాయంత్రమూ మర్నాటి ఉదయానికి సరిపడా ఇంధనం నింపుకుని, ప్రతి ఉదయమూ ఖాళీ కడుపుతో లేస్తుందన్నమాట.

పక్షుల కోసం మేము బయట వేలాడదీసిన గింజల తొట్టి దగ్గర చికడీ కూర్చుని తినదు. ఒక్క గింజ ముక్కున కరచుకుని పోతుంది. అక్కడే తినకపోతే దాన్ని బెరడు చీలికలోనో, నాచు కిందో దాస్తుంది. ఇలా వందల గింజలు వేరువేరు చోట్ల దాచి, వాటి జాడ గుర్తుపెట్టుకుంటుంది. దాచిన చోటును 28 రోజుల తరువాత కూడా గుర్తుపట్టగలదని 1990లో ప్రచురితమైన ప్రయోగాలు చూపాయి. నేను మాత్రం కళ్ళజోడు ఎక్కడ పెట్టానో రోజూ పిల్లలను అడుగుతాను. ఆ పిట్టను చూసినప్పుడల్లా నాకు నిజంగా గౌరవం కలుగుతుంది.

దాని కూతలో కూడా చాలా సమాచారం ఉంది. "చిక్-అ-డీ-డీ-డీ" అని అరుస్తుంది కనుకనే దానికి ఆ పేరు. ఆ చివర "డీ" ఎన్నిసార్లు పలికితే ప్రమాదం అంత ఎక్కువని 2005లో శాస్త్రజ్ఞులు నిరూపించారు. చికడీని పట్టుకోవడం పెద్ద గుడ్లగూబకు కష్టం. చురుకుగా మెలికలు తిరగగల చిన్న గుడ్లగూబ పట్టుకోగలదు. అందువల్ల చిన్న గుడ్లగూబను చూసినప్పుడే "డీ"లు ఎక్కువవుతాయి. ఈ సంగతి తెలిశాక మా అబ్బాయి పాఠం చదువుతూ చదువుతూ ఆగి, వేళ్ళు మడిచి "డీ"లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకసారి "నాన్నా, ఏడు!" అని అరిచి కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. కట్టెల కుప్ప మీద చిన్న డేగ ఒకటి వాలి ఉంది. పుస్తకంలో చదివిన మాట పెరట్లో నిజం కావడం పిల్లవాడికి ఎంతటి సంతోషమో ఆ ముఖం చూసినవాళ్ళకే తెలుస్తుంది.

ఇక్కడ మా వల్ల జరిగిన ఒక తప్పు కూడా చెప్పాలి. రెండో శీతకాలం ముందు, పక్షులు బాగా కనబడాలని ముందుగదికి పెద్ద అద్దాల కిటికీ పెట్టించాం. గింజల తొట్టిని దానికి నాలుగు మీటర్ల దూరంలో వేలాడదీశాం. ఒకనాటి ఉదయం అద్దానికి దభీమని చప్పుడైంది. వెళ్ళి చూస్తే మంచులో ఒక వడ్రంగి పిట్ట పడి ఉంది. అమ్మాయి దాన్ని చేతిలోకి తీసుకుంది. ఇంకా వెచ్చగానే ఉంది. ముక్కు మీద, కొయ్య చెక్కినప్పుడు పొట్టు లోపలికి పోకుండా అడ్డుపడే సన్నని ఈకలు, ఆ ఈకల మీద ఒక కొయ్యపొడి రేణువు. కాళ్ళ వేళ్ళు రెండు ముందుకు, రెండు వెనక్కి ఇంకా కొమ్మను పట్టుకున్నట్టే ముడుచుకుని ఉన్నాయి. అద్దం మీద దాని రెక్కలు తగిలిన గుర్తు దుమ్ము ముగ్గులా అలాగే నిలిచిపోయింది. పిల్లలిద్దరూ ఆ పూట అన్నం తినలేదు.

అద్దంలో ప్రతిఫలించే ఆకాశాన్ని పక్షులు నిజమైన ఆకాశమనుకుంటాయి. డేగను చూసి బెదిరి లేచినప్పుడు పూర్తి వేగంతో వచ్చి కొట్టుకుంటాయి. గింజల తొట్టి కిటికీకి ఒక మీటరు లోపల ఉంటే పక్షి వేగం అందుకోకముందే అద్దం వస్తుంది కనుక ప్రాణాపాయం తక్కువ. పది మీటర్లకు మించి ఉంటే తప్పుకునే అవకాశం ఉంటుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న దూరమే ప్రమాదకరం. మేము ఎంచుకున్నది సరిగ్గా అదే. ఆ వారమే తొట్టిని వంటింటి కిటికీకి మూరెడు దూరానికి మార్చాం. పెద్ద అద్దానికి బయటి వైపున, ఐదు సెంటీమీటర్ల ఎడంతో చుక్కలు అంటించే పనిని పిల్లలు తీసుకున్నారు. చుక్కలు లోపలి వైపు అంటిస్తే ప్రతిబింబం పోదు, ఎడం ఎక్కువైతే ఆ సందులోంచి దూరిపోవచ్చునని పక్షి భ్రమపడుతుంది. ఆ తరువాత మా ఇంట అటువంటి చప్పుడు మళ్ళీ వినలేదు.

ఇక మంచు సంగతి. కొత్తగా మంచు కురిసిన ఉదయం, బస్సు కోసం పిల్లలను తీసుకుని నడిచే నాలుగు వందల అడుగుల దారి మా ఇంటి వార్తాపత్రిక. కుందేలు గెంతినప్పుడు వెనకకాళ్ళ గుర్తులు ముందుకాళ్ళ గుర్తులను దాటి ముందు పడతాయి. చూడటం తెలియనివాళ్ళు అది వెళ్ళిన దిక్కును తలకిందులుగా చెబుతారు. ఉడుత ముందుకాళ్ళు పక్కపక్కన పడితే, కుందేలు ముందుకాళ్ళు సాధారణంగా ఒకదాని వెనుక ఒకటి పడతాయి. నక్క దాదాపు తాడు పట్టి గీసినట్టు ఒకే వరుసలో నడుస్తుంది. కుక్క అడుగులు దాని పక్కనే పడి ఉంటే తేడా చిన్నపిల్లలకు కూడా తెలిసిపోతుంది: కుక్కకు ఇంట్లో తిండి ఉంది కనుక అటూ ఇటూ పరుగెత్తుతుంది, నక్క అడుగు వృథా చేయదు.

మంచు అంటే చలి అనుకునే మనకు అది దుప్పటి కూడా అని తెలుసుకోవడం ఒక ఆశ్చర్యం. జానెడు మందాన మెత్తని మంచు పేరుకుంటే, పైన ఎంత చలి ఉన్నా, నేలను తాకే చోట వేడి దాదాపు సున్నా డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. మంచు రేణువుల మధ్య చిక్కుకున్న గాలే దానికి కారణం. నేలకు, మంచుకు మధ్య ఏర్పడే ఆ సన్నని చోట పొలం ఎలుకలు, చుంచులు సొరంగాలు చేసుకుని శీతకాలమంతా తిరుగుతాయి. పైన మనకు తెల్లని నిశ్శబ్దం, కింద వాటికి వీధులు. వసంతం వచ్చి మంచు కరిగినప్పుడు గడ్డి మీద ఆ దారులన్నీ బయటపడతాయి. పిల్లలు వాటి వెంట వేలు పెట్టి నడిపిస్తూ ఏ ఇంటి నుంచి ఏ ఇంటికో చెప్పుకుంటారు.

నక్క ఆ చప్పుళ్ళనే వింటుంది. తల ఒకవైపు వంచి, చెవులు నేలకు గురిపెట్టి, కొంతసేపు కదలకుండా నిలబడి, ఒక్కసారిగా గాలిలోకి ఎగిరి తలకిందులుగా మంచులో దూకుతుంది. చెక్ దేశపు పరిశోధకులు ఇటువంటి దూకుళ్ళను అనేకం గమనించి, నక్క ఈశాన్య దిశగా దూకినప్పుడు ఎలుక దొరికే అవకాశం ఎక్కువని, భూమి అయస్కాంత క్షేత్రం దూరాన్ని అంచనా వేయడానికి దానికి తోడ్పడుతూ ఉండవచ్చునని 2011లో సూచించారు. మా కిటికీలోంచి మేము ఆ దూకుడును సరిగ్గా మూడుసార్లు చూశాం. మూడుసార్లూ అంట్లు తోమే వేళలోనే. ఇప్పుడు ఆ పని కోసం ఇంట్లో పోటీ పడుతున్నారంటే మీరు నమ్మాలి.

పల్లె ఇంటి శీతకాలం గురించి మాట్లాడేటప్పుడు నాకు తప్పకుండా గుర్తుకు వచ్చే మనిషి ఒకరున్నారు. విల్సన్ బెంట్లీ. 1865లో, అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో జెరికో అనే పల్లెలో రైతు కుటుంబంలో పుట్టారు. తల్లి పెళ్ళికి ముందు ఉపాధ్యాయిని. తన దగ్గరున్న పాత సూక్ష్మదర్శినిని పదిహేనేళ్ళ కొడుకు చేతిలో పెట్టారు. ఆ పిల్లవాడు దాని కింద మంచు రేకులను పెట్టి బొమ్మలు గీసేవాడు. గీయడం పూర్తికాకముందే అవి కరిగిపోయేవి. తండ్రికి ఆ వ్యాపకం మీద పెద్దగా నమ్మకం లేకపోయినా చివరికి కెమెరా కొనిచ్చారు. 1885 జనవరి 15న, ఇరవై ఏళ్ళు నిండకుండానే, బెంట్లీ ఒక్క మంచు స్ఫటికాన్ని సూక్ష్మదర్శిని ద్వారా ఛాయాచిత్రం తీశారు. ఆ విధంగా తీసిన మొదటి ఛాయాచిత్రాలలో అది ఒకటి. 1931లో కన్నుమూసే వరకు వ్యవసాయం చేసుకుంటూనే ఐదు వేలకు పైగా చిత్రాలు తీశారు. వేడి లేని కొట్టంలో నిలబడి, నల్లని పలక మీద మంచును పట్టి, ఊపిరి తగలకుండా సన్నని పుల్లతో గాజుపలక మీదికి చేర్చేవారు.

మా ఇంట్లో సూక్ష్మదర్శిని లేదు. ఒక భూతద్దం, నల్లని ఉన్ని గుడ్డ చుట్టిన అట్ట ఉన్నాయి. అట్టను ముందుగా అరగంట వసారాలో ఉంచి చల్లబరచాలి. లేకపోతే రేకు పడీ పడగానే నీటిబొట్టు అవుతుంది. గాలి లేని రోజున, చలి బాగా ఉన్నప్పుడు, ఆరు కొమ్మల స్ఫటికాలు చెక్కుచెదరకుండా దిగుతాయి. నీటి అణువులు గడ్డకట్టేటప్పుడు షట్కోణాకారంలో అమరుతాయి కనుక ఆరే కొమ్మలు. కిందికి దిగే దారిలో తగిలిన వేడిమి, తేమ మారిన కొద్దీ కొమ్మల మీది నగిషీ మారుతుంది. మొదటిసారి చూసినప్పుడు అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఇన్నేళ్ళూ వీటిని పారతో ఎత్తి పోశామా" అంది. ఆమెకు డెబ్భై ఏళ్ళు దాటాక చేసుకున్న కొత్త పరిచయం అది.

అడవి జంతువులకు తిండి పెట్టడం గురించి చాలామంది అడుగుతారు. పక్షులకు గింజలు పెట్టడం వేరు, జింకలకు మేత వేయడం వేరు. శీతకాలంలో జింక పొట్టలోని సూక్ష్మజీవులు చిగుళ్ళను, బెరడును, ఎండు కొమ్మలను అరిగించుకోవడానికి అలవాటుపడి ఉంటాయి. జాలిపడి ఒక్కసారిగా మొక్కజొన్నలు పోస్తే ఆ పొట్టలో ఆమ్లం పెరిగిపోయి, కడుపు నిండా తిండి ఉండగానే జింక చనిపోగలదు. మొదటి ఏడాది మేమూ ఒక బస్తా తెచ్చాం; పొరుగాయన సకాలంలో చూసి ఆపారు. పక్షుల విషయంలో ముఖ్యమైనది శుభ్రత. పెద్ద పక్షి సమూహాలకే ముప్పు తెచ్చే జబ్బులు తొట్ల దగ్గర పాకుతాయి. బ్రిటన్‌లో 2005 తరువాత గ్రీన్‌ఫించ్ అనే పక్షుల సంఖ్య అటువంటి అంటువ్యాధి వల్లనే బాగా పడిపోయింది. రెండు వారాలకొకసారి ఒక వంతు బ్లీచ్‌ను తొమ్మిది వంతుల నీటిలో కలిపి తొట్టి కడిగి, పూర్తిగా ఆరాక గింజలు పోయాలి. మా ఇంట్లో ఇది నా వంతు పని. జబ్బు పక్షి కనబడితే కొన్నాళ్ళు తొట్టి తీసివేయాలి, పిల్లలు ఎంత బతిమాలినా సరే.

మనసుకు కష్టం కలిగించే దృశ్యం ఒకటి ఈమధ్య చూస్తున్నాం. మా ప్రాంతపు మంచు కుందేలు వేసవిలో గోధుమరంగులో, శీతకాలంలో తెల్లగా ఉంటుంది. ఆ మార్పు మంచును చూసి జరగదు. పగలు పొట్టి కావడాన్ని బట్టి దాని ఒళ్ళు బొచ్చు మారుస్తుంది. పూర్వం ఆ లెక్క సరిపోయేది. ఇప్పుడు మంచు ఆలస్యంగా కురిసి త్వరగా కరిగిపోతున్న సంవత్సరాల్లో, తెల్లని కుందేలు గోధుమరంగు ఆకుల మీద కూర్చుని, ఎవరికీ కనబడటం లేదన్న ధీమాతో కదలకుండా ఉండిపోతుంది. మా వసారా నుంచి యాభై అడుగుల దూరాన కూడా అది దీపంలా కనిపిస్తుంది. ఇలా రంగు కలవని కుందేళ్ళు ఎక్కువగా వేటకు గురవుతున్నాయని అమెరికాలో మెడకు రేడియో పట్టీలు కట్టి చేసిన అధ్యయనాలు తేల్చాయి. మా అమ్మాయి ఆ కుందేలును చూసినప్పుడల్లా మంచు కోసం ఆకాశం వైపు చూస్తుంది.

రాత్రి భోజనాలయ్యాక, దీపాలు ఆర్పి ఐదు నిమిషాలు కిటికీ దగ్గర నిలబడటం మా ఇంట అలవాటు. జనవరిలో కొమ్ముల గుడ్లగూబలు జంటగా పలుకుతాయి. ఆడది ఒంటికి పెద్దది, గొంతుకు సన్నది. మగది చిన్నది, దాని గొంతు మాత్రం బొంగురు. మిగతా పక్షులు వసంతం కోసం ఎదురుచూస్తుండగానే ఇవి నడి శీతకాలంలో గుడ్లు పెట్టి, మంచు మీద పడుతున్నా లేవకుండా పొదుగుతాయి. నా భార్య వాటి మాటలకు సమయం రాసిపెడుతుంది. నాలుగేళ్ళ లెక్క ఇప్పుడు ఒక నోటుపుస్తకం నిండా ఉంది.

లెక్క అనే మాట వచ్చింది కనుక చెబుతాను. శీతకాలంలో పక్షులను లెక్కపెట్టే ఆచారం 1900 డిసెంబరు 25న మొదలైంది. ఆనాడు అమెరికాలో పండుగ పూట జట్లుగా వెళ్ళి, కనబడిన పక్షినల్లా కాల్చే పోటీలు జరిగేవి. దానికి బదులు లెక్కపెడదామని ఫ్రాంక్ చాప్‌మన్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు ప్రతిపాదిస్తే 27 మంది 25 చోట్ల లెక్కపెట్టారు. ఆ లెక్క నేటికీ ఏటా సాగుతోంది. బ్రిటన్‌లో ఇళ్ళ తోటల్లో గంటసేపు లెక్కపెట్టే కార్యక్రమం 1979లో మొదలైంది. 1998 నుంచి ఫిబ్రవరిలో జరిగే పెరటి పక్షుల గణనకు పదిహేను నిమిషాలు చాలు. 2013 నుంచి ప్రపంచంలో ఎవరైనా పాల్గొనవచ్చు. పండితులు వెళ్ళలేని లక్షల పెరళ్ళ సమాచారం ఇలా మామూలు కుటుంబాల చేతుల మీదుగా చేరుతోంది. అంట్లు తోమే మా అమ్మ కూడా అందులో ఒక గణకురాలు.

కిందటి ఫిబ్రవరి గణన రోజున మా దగ్గర ఆ ఏటికల్లా దారుణమైన చలి. తొర్రలో ఇరుక్కుని పడుకున్న చికడీకి ఉదయాన తోక ఈకలు ఒకవైపు వంగిపోయి ఉంటాయి. ఎంత ఇరుకు చోట రాత్రి గడిపిందో ఆ వంపే చెబుతుంది. ఆ శీతకాలమంతా రోజూ వచ్చిన ఒక పిట్టకు ఆ వంపు మరీ ఎక్కువ. పిల్లలు దానికి వంకరతోక అని పేరు పెట్టుకున్నారు. ఆరోజు ఏడున్నర దాటినా అది రాలేదు. అబ్బాయి బస్సుకు వేళైనా బూట్లు తొడుక్కోలేదు, అమ్మాయి పెన్సిలు పట్టుకుని కిటికీ అద్దం మీది ఆవిరిని మాటిమాటికీ తుడుస్తూ నిలబడింది. ఏడూ నలభైకి తొట్టి అంచు మీద ఒక చిన్న బరువు వాలి, తొట్టి కొంచెం ఊగింది. "నానమ్మా, వచ్చింది!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు. అమ్మ తడి చేతులు చీరకొంగుకు తుడుచుకుని వచ్చి, కళ్ళజోడు సరిచేసుకుని చూసి, మనవరాలి నోటుపుస్తకంలో చికడీ వరుసలో తనే ఒక గీత గీసి, మిగిలిన గిన్నెల దగ్గరికి వెళ్ళింది.